క్లాసులో మురీ మిక్చర్ కలిపినందుకు అందరి ముందూ మాట పడ్డాను, ఇప్పుడేం చెయ్యాలి?

ప్రశ్న: మేడం, నా వయసు 34. గాజువాక వైపు ఒక ప్రైవేట్ స్కూల్లో తొమ్మిదేళ్లుగా మ్యాథ్స్ చెప్తున్నా, 8, 9 క్లాసులు. పాత ప్రిన్సిపాల్ మేడం ఉన్నప్పుడు ఏదైనా కొత్తగా ట్రై చేస్తానంటే "చెయ్యమ్మా, అయ్యాక ఎలా వచ్చిందో నాకూ చెప్పు" అనేవారు. ఈ జూన్‌లో కొత్త సార్ వచ్చారు. అన్ని సెక్షన్లూ ఒకే రోజు ఒకే పేజీలో ఉండాలంట. మొన్న ఎనిమిదో క్లాసుకి నిష్పత్తులు చెప్పడానికి క్లాసులోనే పిల్లలతో మురీ మిక్చర్, అదే బీచ్‌లో అమ్మే మరమరాల మిక్చర్, కలిపించాను. సార్ అది సీసీ కెమెరాలో చూసి, సాయంత్రం స్టాఫ్ మీటింగులో "ఇది స్కూలా, ఆర్కే బీచా?" అన్నారు. అందరూ నవ్వారు. అదే మీటింగులో టీచర్లందరూ వారానికో ఇన్నోవేటివ్ టీఎల్ఎం (పాఠం చెప్పడానికి వాడే చార్టులు, మోడళ్ల లాంటివి) చేసి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాలి, నెలకో బెస్ట్ టీచర్ ప్రైజు అని కూడా చెప్పారు. అప్పట్నుంచి నాకు ఏ ఆలోచనా రావట్లేదు. బోర్డు మీద లెక్క రాయడం, తుడవడం, అంతే. మావారేమో "జీతం వస్తుంది కదా, చెప్పినట్టు చేసెయ్" అంటారు. లోపం నాదేనా? సర్దుకోవాలా, గొడవ పడాలా, మానెయ్యాలా?
ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు:

నువ్వు అని రాసేస్తున్నా, ఏమీ అనుకోకమ్మా, మా చిన్నమ్మాయి నీ ఈడుదే. పైగా నీ ఉత్తరం చదివాక మీరు గీరు అని దూరంగా కూర్చుని రాయబుద్ధి కాలేదు.

ముందు ఒక మాట చెప్పేస్తా, లేకపోతే నేనేదో మంచి హెడ్మాస్టరమ్మలా నీకు నీతులు చెప్తున్నట్టుంటుంది. మీ సార్ చేసిన పని నేనూ చేశాను. భీమిలి రోడ్డు వైపు ఒక హైస్కూల్లో హెచ్ఎంగా ఉన్నప్పుడు ఒక సోషల్ మాస్టారు, కొత్తగా వచ్చిన కుర్రాడు, తొమ్మిదో క్లాసు పిల్లల్ని ఎర్రమట్టి దిబ్బలకి తీసుకెళ్తానన్నాడు. మనకి ఎంత దగ్గరో చూడు, భూగర్భ సర్వే (జీఎస్ఐ) వాళ్లు జియో హెరిటేజ్ సైట్‌గా, అంటే కాపాడుకోవాల్సిన భూరూపంగా గుర్తించిన చోటు, గాలీ నీళ్లూ ఇసుకని మోసుకొచ్చి పోగేస్తే వేల ఏళ్లలో అది ఇనుము వల్ల ఎర్రబడి దిబ్బలెలా అయ్యిందో కళ్లతో చూపించొచ్చు, పుస్తకంలో భూస్వరూపాలు అని రెండు పేరాలు బట్టీ పట్టించే బదులు. నాకేమో అప్పుడు ఇన్‌స్పెక్షన్ ఒకటి నెత్తి మీదుంది. "ఏ పిల్లాడో ఆ గోతుల్లో పడితే ఎవరు జవాబుదారీ మాస్టారూ, వచ్చే నెల చూద్దాం" అన్నా. కోప్పడలేదు, నవ్వుతూనే అన్నా. ఆయన "సరే మేడం" అన్నాడు.

వచ్చే నెల ఆయన అడగలేదు. నేనూ అడగలేదు. ఇంకా చెప్పాలంటే ఆ తర్వాత ఆయనంత క్రమశిక్షణగా ఉన్న టీచరు లేడు, డైరీ అప్ టు డేట్, లెసన్ ప్లాన్ టంచనుగా, సిలబస్ అందరికంటే ముందు. నేనేమో ఆ డైరీ మీద ఎర్ర పెన్నుతో గుడ్ అని రాసేదాన్ని. మూడేళ్లకి ట్రాన్స్‌ఫర్ అయిపోయి వెళ్లాక స్టాఫ్ రూంలో ఆయన బీరువా ఖాళీ చేయిస్తుంటే ఒక క్లిప్పు పెట్టిన కాగితాలు దొరికాయి. దిబ్బలకి వెళ్లే ప్లాన్ అది. చేత్తో గీసిన మ్యాపు, పిల్లల్ని ఆరు గ్రూపులు చేసి ఏ గ్రూపు ఏం చూడాలో, ఎంతమందికి ఒక పెద్దవాళ్లు, బస్సు ఖర్చు ఎంత, ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఎవరి దగ్గర, తల్లిదండ్రుల సంతకం కోసం లెటరు కూడా రాసిపెట్టుకున్నాడు. నేనడిగిన ప్రశ్నకి జవాబు మొత్తం ఆ కాగితాల్లో ఉంది. నేను కాగితం చూపించమని అడగలేదు, అదీ సంగతి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నువ్వడిగిన లోపం నాదేనా అన్నదానికి జవాబు ఇందులోనే ఉంది. నీకు ఆలోచనలు రావట్లేదు అన్నావు, రాకపోవడం కాదమ్మా అది. ఆ మాస్టారికి జరిగిందే నీకూ జరుగుతోంది. కాకపోతే ఆయన్ని గదిలో ఆపాను, నిన్ను నలుగురి ముందు ఆపారు, అది ఇంకా పెద్ద దెబ్బ. ఎందుకంటే ఆ నవ్వు నీ ఒక్కదానికే తగల్లేదు, ఆ మీటింగులో కూర్చున్న ప్రతి టీచరూ లోపల లెక్క వేసేసుకుని ఉంటారు, మనకెందుకొచ్చిన గొడవ అని. నవ్విన వాళ్లు కూడా.

ఇక ఆ టీఎల్ఎం ప్రైజు సంగతి. నాకు దాని గురించి చదవగానే నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. సృజనాత్మకత మీద చాలా ఏళ్లు పనిచేసిన టెరీసా అమబైల్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1982లో ఒక చిన్న ప్రయోగం గురించి రాసింది. ఏడు నుంచి పదకొండేళ్ల ఆడపిల్లలకి రెండు పార్టీలు పెట్టి, రంగు కాగితాలు అతికించి బొమ్మ చెయ్యమన్నారు. ఒక పార్టీలో బాగా చేసినవాళ్లకే ప్రైజులు అని ముందే చెప్పారు, రెండో పార్టీలో ప్రైజులు లాటరీ తీసి ఇస్తాం అన్నారు. బొమ్మలు చూసి ఏది ఎంత కొత్తగా ఉందో లెక్కేయించితే పోటీ పెట్టిన పిల్లల బొమ్మలే తక్కువ వచ్చాయి. పిల్లలకే కాదు, పెద్దవాళ్ల ఆఫీసుల్లో కూడా ఆవిడ ఆ తర్వాత చూసిందదే, ఎవరో తలమీద నిలబడి మార్కులేస్తున్నారు అనిపిస్తే మనిషి కొత్తది చెయ్యడు, మార్కులు ఖాయంగా పడేదే చేస్తాడు. మీ గ్రూపులో ఇప్పుడు ఏం ఫొటోలు పడుతున్నాయో నేను ఇక్కణ్ణుంచే చెప్పగలను, థర్మకోల్ షీటు, చార్టు, దాని చుట్టూ మెరుపుల లేసు, యూట్యూబ్‌లో చూసి చేసిన గడియారం, పక్కన టీచరు నిలబడి నవ్వుతూ. పిల్లలు ఒక్కళ్లూ కనపడరు ఆ ఫొటోల్లో. అవునా కాదా?

అయితే ఇక్కడ ఒకటి గమనించు. పాత మేడం నీకు ప్రైజు ఇవ్వలేదు, పెద్దగా ట్రైనింగూ ఇవ్వలేదు, నీ ఉత్తరంలో ఆవిడ గురించి ఉన్నది ఒక్క వాక్యం, "అయ్యాక ఎలా వచ్చిందో నాకూ చెప్పు". బాగా వచ్చిందా అని కాదు, ఎలా వచ్చింది అని. అంటే చెడిపోయినా వచ్చి చెప్పొచ్చు. హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ఆవిడ 1990ల్లో ఆసుపత్రుల్లో మందులివ్వడంలో జరిగే పొరపాట్ల మీద పని చేస్తుంటే వింత కనపడిందంట, మంచి టీముల్లోనే తప్పులు ఎక్కువ నమోదయ్యాయి. తీరా చూస్తే వాళ్లు ఎక్కువ తప్పులు చెయ్యడం కాదు, వాళ్ల పైవాళ్ల దగ్గర తప్పు చెప్పుకోడానికి భయపడకపోవడం. భయం ఉన్న చోట రిజిస్టరు శుభ్రంగా ఉంటుంది, నా మాస్టారి డైరీలాగ.

మన విశాఖ సంగతే చెప్తా, ఇది తెలిస్తే నీకు నచ్చుతుంది. 1906, 07 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అని ఒక ఇంగ్లీషు దొర ఈ జిల్లాలకి స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. ఇన్‌స్పెక్టరు అంటే తెలుసుగా, అప్పట్లో టీచర్లకి యముడే. ఆయన తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడే తెలుగు ఒకలా ఉంది, పుస్తకాల్లో తెలుగు ఇంకోలా ఉంది, ఎందుకని అని అడిగాడు. ఇక్కడ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఉన్నారు, ఆయన తనకి తోచిన జవాబేదో చెప్పేసి పంపెయ్యలేదు, ఈ విషయం తెలిసినవాళ్లు వేరే ఉన్నారు అని గిడుగు రామమూర్తి గారి వైపు, గురజాడ వైపు చూపించారు. గిడుగు గారు అప్పటికి పర్లాకిమిడిలో పిల్లలకి పాఠాలు చెప్పుకునే మాస్టారు. వ్యావహారిక భాష కోసం ఆయన దిగిన పోరాటం ఈ ప్రశ్న దగ్గరే మొదలైంది. నేనివాళ ఇలా మాట్లాడినట్టు రాసేస్తుంటే నువ్వు తప్పు పట్టకుండా చదువుతున్నావంటే దాని వెనక ఆ ముగ్గురూ ఉన్నారు. పై అధికారి ఒక ప్రశ్న అడిగాడు, మధ్యలో ప్రిన్సిపాల్ అడ్డం పడకుండా దారి చూపించాడు, కింద టీచరు పని చేశాడు. ఆ మధ్యవాడు "దొరగారూ, మా కాలేజీలో అన్నీ సవ్యంగానే ఉన్నాయి" అని ఊరుకుని ఉంటే? అలా అనే ప్రిన్సిపాళ్లే ఎక్కువ.

సరే, ఇప్పుడు మీ సార్ వైపు కూడా కాస్త కూర్చుందాం. నాకు ఆయన్ని తిట్టాలని లేదు. కొత్తగా వచ్చిన మనిషి, పైన కరస్పాండెంట్ ఉంటాడు, ఆయనకి కావాల్సింది అడ్మిషన్లు, టెన్త్‌లో 600కి ఎన్నొచ్చాయి అన్న ఫ్లెక్సీ. ఎ సెక్షన్ పేరెంటు వచ్చి "బి సెక్షన్లో ఈ చాప్టర్ అయిపోయిందంట, మా వాడికి ఎందుకవలేదు" అని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. ఒకే రోజు ఒకే పేజీ అన్నది ఆ భయంలోంచి పుట్టింది, బోధన గురించి ఆలోచించి పెట్టింది కాదు. ఇంక ఆ కెమెరా. దాంట్లో సౌండ్ ఉండదు కదా, ఆయనకి కనపడింది నలభై మంది లేచి నిలబడి ఒక టేబుల్ మీద పడటం. ఒక పిల్లాడు నాలుగు కప్పుల మురీలకి ఒక కప్పు ఉల్లిపాయ అయితే పన్నెండు కప్పులకి ఎంత అని అడుగుతున్నాడని ఆయనకెలా తెలుస్తుంది? మూకీ సినిమా చూసి డైలాగులు ఆయనే రాసేసుకున్నాడు.

అలాగని ఆయన అందరి ముందూ అన్న మాట ఒప్పని కాదు. తప్పే. కాకపోతే ఆ తప్పుని ఆయన చేత ఒప్పించడం నీ పని కాదు, అందులో పడితే ఏడాది అయిపోతుంది.

నేనైతే ఏం చేస్తానో చెప్తా. స్కూల్ బస్సులన్నీ వెళ్లిపోయాక, సాయంత్రం, ఆయన టీ తాగే టైంలో ఒంటరిగా వెళ్లి కలుస్తా. ఫిర్యాదు తీసుకెళ్లను. "సార్, ఆ రోజు నా క్లాసులో మీకు ఏది ఇబ్బందనిపించింది?" అని ఒక్కటే అడిగి ఊరుకుంటా. ఊరుకోవడం కష్టం, మన టీచర్లకి మరీ కష్టం, మనమే ప్రశ్న వేసి మనమే జవాబు చెప్పేసే అలవాటు. కానీ ఊరుకో. ఆయన ఏదో ఒకటి చెప్తారు, గోల అనో, పక్క క్లాసు వాళ్లు కంప్లయింట్ అనో, చీమలు పట్టాయని ఆయా చెప్పిందనో, సిలబస్ అనో. ఏది చెప్తారో అదే ఆయన అసలు భయం, నువ్వు పరిష్కరించాల్సింది దాన్ని మాత్రమే. నువ్వేమో సృజనాత్మకత గురించి మాట్లాడదామని వెళ్తావు, ఆయన చీమల గురించి మాట్లాడతారు, చీమల గురించే మాట్లాడు, పర్లేదు.

తర్వాత చిన్నది ఒకటి అడుగు. నలభై నిమిషాల పీరియడ్‌లో పదిహేను నిమిషాలు, వారానికి ఒక్కసారి, ఒక్క క్లాసులో. సగం పేజీ కాగితం మీద ముందురోజే రాసి ఇచ్చెయ్, ఏ కాన్సెప్టు, ఎన్ని నిమిషాలు, పిల్లలు ఎప్పుడు లేస్తారు, శుభ్రం చేసేది ఎవరు, మర్నాడు అదే టాపిక్ మీద పది లెక్కల స్లిప్ టెస్టు ఎప్పుడు. మా మాస్టారు కాగితం బీరువాలో పెట్టుకున్నాడు, నువ్వు టేబుల్ మీద పెట్టు. ఆ కాగితం ఉంటే సార్ కెమెరాలో చూసినా ఓహో ఇది అదన్నమాట అనుకుంటారు, రేపు కరస్పాండెంట్ అడిగినా చూపించుకోడానికి ఆయన చేతిలో ఒకటుంటుంది. పైవాడికి ధైర్యం నువ్వే ఇవ్వాలి అన్నమాట, అన్యాయమే, కానీ చాలాచోట్ల జరిగేది ఇదే.

వీలైతే ఆయన్నే క్లాసుకి పిలు. చూడ్డానికి పిలవకు, చూడ్డానికొస్తే మళ్లీ ఇన్‌స్పెక్షనే, పిల్లలు బిగుసుకుపోతారు. పనిచ్చి పిలు. "సార్, రేపు లాభనష్టాలు, మీరు బేరమాడే కస్టమర్‌గా రావాలి" అను. పిల్లలకి ఇరవై రూపాయలు పడిన పొట్లం పదిహేనుకి అడుగుతారాయన, పిల్లలు అంతకిస్తే మాకు ఎంత శాతం నష్టమో లెక్క కట్టి చెప్తారు. గదిలోకి వచ్చి సౌండుతో సహా విన్నవాళ్లు మళ్లీ ఆ బీచ్ మాట అనరని నా నమ్మకం. రాకపోతే పోనీ.

ఆయన నిబంధనలు అంటే నీ దగ్గరా రెండు ముక్కలు ఉంచుకో, వాదనకి కాదు, అవసరానికి. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 29లో పిల్లలకి పనులు చేయిస్తూ, వాళ్లే కనుక్కుంటూ నేర్చుకునేలా చెప్పాలి అనే ఉంది. 2020 జాతీయ విద్యా విధానంలో ఎలా బోధించాలన్న దాంట్లో టీచర్లకి స్వేచ్ఛ పెంచాలని ఉంది, టీచరు ఏడాదికి కనీసం 50 గంటలు తన వృత్తి మెరుగుపరుచుకోడానికి పెట్టాలని కూడా ఉంది. ఈ 50 గంటలు పనికొచ్చే ముక్క. ఆ టీఎల్ఎం ఫొటోల బదులు, నెలకో శనివారం గంటసేపు టీచర్లం కూర్చుని క్లాసులో ఏం ట్రై చేశామో, ఏది బెడిసికొట్టిందో చెప్పుకుంటాం సార్, మీరూ కూర్చోండి అని ఎవరైనా సీనియర్ చేత అడిగించు. ప్రైజు తీసెయ్యమని మాత్రం అడగొద్దు, ఆయన పెట్టిన ముచ్చట అది, దానంతటదే మూడు నెలల్లో ఆగిపోతుంది, ఇలాంటివి నేను చాలా చూశాను.

ఇంకొకటి, ఇది కాస్త నీ మీదే. తొమ్మిదేళ్లు నీకు స్వేచ్ఛ ఉంది, అది నీకూ పాత మేడంకీ మధ్య ఉండిపోయింది. పక్క సెక్షన్ మ్యాథ్స్ టీచరుకి నువ్వు చేసేవి తెలుసా? ఆవిడ ఎప్పుడైనా నీ క్లాసులో కూర్చుందా? మేడం వెళ్లగానే మొత్తం ఆవిడతోపాటే పోయిందంటే అది స్కూలు అలవాటు కాలేదు, ఆవిడ మంచితనం, అంతే. ఈసారి ఒంటరిగా చెయ్యకు. పక్క సెక్షన్ ఆవిడతో కలిసి ఒకే రోజు ఇద్దరూ మిక్చర్ కలపండి, అప్పుడు సార్ కోరుకున్న ఒకే రోజు ఒకే పేజీ కూడా అయిపోతుంది, చూశావా.

మీవారి మాట గురించి. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు, ఇంటి ఖర్చులు ఆయనకీ తెలుసు. కానీ చెప్పినట్టు చేసెయ్యడం వల్ల అలసట తగ్గదమ్మా, నేను చూసినంతలో బాగా తొందరగా వాడిపోయిన టీచర్లు ఎక్కువ పని చేసినవాళ్లు కాదు, తమది కాని పని రోజంతా చేసినవాళ్లు. ఆయనకి ఒకసారి నీ క్లాసు గురించి చెప్పు, జీతం గురించి కాకుండా.

మానెయ్యడం అంటావా, ఇప్పుడే వద్దు. సంక్రాంతి సెలవుల దాకా గడువు పెట్టుకో. ఈలోపు రెండు మూడు సార్లు అడిగి చూడు, కాగితం ఇచ్చి చూడు. ఆయన వద్దన్నా కారణం చెప్తే ఆ మనిషితో పని చెయ్యొచ్చు. మళ్లీ నలుగురిలో వెటకారమే ఎదురైతే మాత్రం ఇంక ఆలోచించకు, ఫిబ్రవరి నుంచి వేరే చోట వెతుక్కో, ఎలాగూ స్కూళ్లు టీచర్లని తీసుకునేది మార్చి, ఏప్రిల్, మేలోనే. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు జీతం తర్వాత అడుగు, ముందు స్టాఫ్ రూంలో పది నిమిషాలు కూర్చోనిమ్మను. అక్కడ టీచర్లు పిల్లల గురించి మాట్లాడుకుంటున్నారా, లేక తలుపు వైపు చూస్తూ మాట్లాడుకుంటున్నారా అన్నది చాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇప్పుడున్న స్కూలు వాళ్ల దగ్గర ఉంటే ముందు ఏదో పని మీద అని అవి తెచ్చుకో, తర్వాతే రాజీనామా మాట. గవర్నమెంట్ బడికి వెళ్తే అంతా స్వేచ్ఛే అనుకుంటున్నావేమో, అక్కడ కెమెరా బదులు ఫోనులో యాప్ ఉంటుంది, మధ్యాహ్న భోజనం ఫొటో, హాజరు ఫొటో. అక్కడా మంచి హెచ్ఎం ఉంటే బతుకుతాం, లేకపోతే అంతే సంగతులు.

మా సోషల్ మాస్టారికి నేను రిటైరయ్యాక ఒకసారి ఫోన్ చేశాను, ఆ కాగితాలు దొరికాయని చెప్పాను, సారీ కూడా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత "నాకు గుర్తే లేదు మేడం" అన్నాడు. అబద్ధం. దిబ్బల దగ్గర ఏ గ్రూపుకి ఏ పని అని అడిగితే ఆరూ చెప్పాడు.

మిక్చర్ మళ్లీ కలిపితే మాత్రం కింద పాత న్యూస్ పేపర్లు రెండు వరసలు పరిచి, ఉల్లిపాయ ఇంటి దగ్గరే తరిగి డబ్బాలో తీసుకెళ్లు, నిమ్మకాయ క్లాసులో పిండొద్దు, బల్లలు జిడ్డవుతాయి. పిల్లలు కట్టిన మొదటి పొట్లం ఆయాకి ఇవ్వు.